గ్రామాధ్యయనం: ఒక శతాబ్ది ప్రస్థానం

భారత గ్రామం వేల సంవత్సరాల నాటిది. దానిని పరిశోధనా విషయంగా ఎంచుకుని, ఇంటింటికీ తిరిగి, లెక్కలు కట్టి, మనుషులతో మాట్లాడి రాయడం మాత్రం నూరేళ్ళకు కొంచెం పైబడిన సంప్రదాయం. ఈ కాలంలో గ్రామాన్ని చూసిన కళ్ళు మారాయి, అడిగిన ప్రశ్నలూ మారాయి. రెవెన్యూ అధికారి శిస్తు కోసం చూశాడు. ఆర్థికవేత్త అప్పు కోసం, మానవశాస్త్రజ్ఞుడు కులం కోసం, భాషాశాస్త్రజ్ఞుడు మాట కోసం చూశారు. ఎవరు దేనికోసం వెళ్ళారో వారికి ముందుగా అదే కనిపించింది.

అభివృద్ధి చెందుతున్న సమాజంలో ఇది పండితుల మధ్య వాదంగా మాత్రమే మిగిలిపోదు. పరిశోధకుని లెక్కలోకి రాని కుటుంబం చాలా సందర్భాల్లో ప్రభుత్వ ప్రణాళికలోకీ రాదు. పరిశోధకుడు పెట్టిన పేరే తరువాత చట్టంలో, బడ్జెట్టులో, పత్రికల్లో స్థిరపడుతుంది. అందుచేత గ్రామాన్ని ఎవరు, ఎక్కడ నిలబడి, ఏ భాషలో చదివారన్న ప్రశ్న గ్రామ చరిత్రలో భాగమే అవుతుంది.

కైఫీయతులు, రెవెన్యూ నివేదికలు

ఆధునిక పరిశోధనకు పూర్వరంగం తెలుగువారి చేతుల మీదుగా సాగింది. 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది ఆరంభంలో కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణదేశంలో స్థానిక చరిత్రలను సేకరింపజేశాడు. ఈ కార్యానికి ఆధారంగా నిలిచినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే మరణించగా లక్ష్మయ్య ఆ బాధ్యతను తలకెత్తుకున్నాడు. కరణాల వద్ద ఉన్న దండకవిలెలను, ఊరి పెద్దల నోటిమాటను ఆధారం చేసుకుని తయారైన ఆ వ్రాతలే కైఫీయతులు. 1821లో మెకంజీ మరణించిన తరువాత చెల్లాచెదరైన ఈ సంపదలో కొంత భాగానికి సి.పి. బ్రౌన్ శుద్ధప్రతులు రాయించాడు. ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరికి చెల్లాయి అన్న విషయాలను ఊరి మాటల్లోనే నమోదు చేయడం కైఫీయతుల విశిష్టత.

ఆ తరువాత వచ్చిన పాలకుల రచనల్లో ఊరి మాట వెనుకబడి, ఊరిని గురించిన సిద్ధాంతం ముందుకు వచ్చింది. 1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వచ్చిన అయిదవ నివేదిక మద్రాసు ప్రాంతంలోని గ్రామవ్యవస్థను, గ్రామోద్యోగులను వర్ణించింది. 1830లో చార్లెస్ మెట్కాఫ్ తన అధికార పత్రంలో భారత గ్రామాలను చిన్న చిన్న గణరాజ్యాలుగా చిత్రించాడు. రాజ్యాలు పోయినా, వంశాలు మారినా గ్రామం మాత్రం చెక్కుచెదరక నిలిచిందని ఆయన అభిప్రాయం. 1871లో హెన్రీ మెయిన్ భారత గ్రామాన్ని ఐరోపా ప్రాచీన గ్రామంతో పోల్చి గ్రంథం వెలువరించాడు. 1896లో బేడెన్-పావెల్ వివిధ ప్రాంతాల భూమిశిస్తు రికార్డులను పరిశీలించి, భారత గ్రామమంతా ఒకే మూసలోనిది కాదని, ఉమ్మడి భూస్వామ్యం అన్నిచోట్లా లేదని చూపాడు.

అయినా స్వయంసమృద్ధ గ్రామం అనే ఊహ బలంగా నాటుకుంది. జాతీయోద్యమ కాలంలో అది ఆదర్శంగా కూడా మారింది. ఆ ఆదర్శాన్ని సూటిగా నిలదీసిన వ్యక్తి డాక్టర్ అంబేడ్కర్. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందుంచుతూ, గ్రామం సంకుచితత్వానికి, అజ్ఞానానికి, మతతత్వానికి నిలయమని ఆయన నిర్మొహమాటంగా పేర్కొన్నారు. అదే నెలలో సభ గ్రామ పంచాయతీలకు సంబంధించిన అధికరణాన్ని ఆమోదించింది. అదే రాజ్యాంగంలోని 40వ అధికరణం. ఒకే నెలలో, ఒకే సభలో వెలువడిన ఈ రెండు దృక్పథాల మధ్య ఉన్న దూరాన్ని కొలవవలసిన పని తరువాతి పరిశోధకులపై పడింది.

గడప దాటిన అర్థశాస్త్రం

ఊహల నుంచి లెక్కల్లోకి తొలి అడుగు వేసినవారిలో పూనా వ్యవసాయ కళాశాలకు చెందిన హెరాల్డ్ మాన్ ముఖ్యులు. 1917లో వెలువడిన ఆయన గ్రంథం పూనా సమీపంలోని ఒక గ్రామంలో భూమి, శ్రమ స్థితిగతులను పరిశీలించింది. 1771లో సగటున 40 ఎకరాలున్న కమతం 1915 నాటికి 7 ఎకరాలకు కుదించుకుపోయిందని ఆయన లెక్కతేల్చారు. మారని గ్రామం అన్న భావనకు ఈ రెండంకెలు చాలినంత సమాధానం.

దాదాపు అదే సమయంలో మద్రాసు విశ్వవిద్యాలయంలో భారత అర్థశాస్త్ర ఆచార్యునిగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ ఒక కొత్త పద్ధతి ప్రవేశపెట్టారు. విద్యార్థుల చేతికి ప్రశ్నావళి ఇచ్చి వారి వారి గ్రామాలకు పంపారు. ఆ ఫలితాలు 1918లో పుస్తకంగా వచ్చాయి. ఈ పని విలువ కాలం గడిచేకొద్దీ పెరిగింది. 1936-37లో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ అవే గ్రామాల్లో కొన్నింటిని మళ్ళీ పరిశీలించారు. తమిళనాడులోని ఇరువేల్పట్టు గ్రామం 1916 మొదలు 2008 వరకు పలుమార్లు పరిశోధకుల దృష్టికి వచ్చింది. ఒకే ఊరి తొంభై ఏళ్ళ భూమి, కూలి, కుల సంబంధాల చరిత్ర ఈ విధంగా సమకూరడం అరుదైన విషయం. ఒక పెద్ద భూస్వామి కుటుంబం చుట్టూ తిరిగిన ఊరు, కూలీలు ఊరి వెలుపల పని వెతుక్కోగల ఊరుగా ఎలా మారిందో ఆ వరుస అధ్యయనాలు చెబుతాయి.

తెలుగునాట ఈ మార్గంలో ముందు నడిచినవారు ఆచార్య ఎన్.జి. రంగా. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన రైతు కుటుంబంలో 1900లో జన్మించి, ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చిన ఆయన డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థపై 1926లో గ్రంథం ప్రకటించారు. రైతు ఉద్యమ నాయకునిగా ఆయనకు కలిగిన ఖ్యాతిలో ఈ తొలి పరిశోధన మరుగునపడింది. హైదరాబాద్ సంస్థానంలో ఎస్. కేశవ అయ్యంగార్ 1929-30లో గ్రామీణ ఆర్థిక విచారణ జరిపి సంపుటాలు వెలువరించారు. తిరిగి 1949-51లో, సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత, ఆయనే మరో విచారణ నిర్వహించారు. రెండు విచారణల నడుమ రెండో ప్రపంచయుద్ధం, తెలంగాణ రైతాంగ పోరాటం, 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు జరిగాయి. రాజ్యం మారిన కాలంలో పల్లె ఆర్థిక స్థితిని తెలుసుకోవడానికి ఆ సంపుటాలు నేటికీ పనికివస్తున్నాయి.

జోడేఘాట్ తరువాత మర్లవాయి

పరిశోధన పాలనను నేరుగా తాకిన సందర్భాలలో ఆదిలాబాద్ ఉదంతం ప్రత్యేకమైనది. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీమ్, అతని అనుచరులు పోలీసు కాల్పుల్లో మరణించారు. అడవిపై, పోడుపై, పశువుల మేతపై హక్కుల కోసం జరిగిన ఆ తిరుగుబాటు నిజాం ప్రభుత్వాన్ని కలవరపరచింది. గోండుల అసంతృప్తికి మూలమేమిటో తెలుసుకోవలసిన అవసరం ఏర్పడింది.

ఆ సమయానికి ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ హైదరాబాద్ సంస్థానంలో ఉన్నారు. యుద్ధం కారణంగా శత్రుదేశపు పౌరునిగా పరిగణన పొందిన ఆయనకు సంస్థానం దాటి వెళ్ళే స్వేచ్ఛ పరిమితమైంది. ఆ నిర్బంధం పరిశోధనకు అవకాశమైంది. నల్లమల చెంచులపై 1943లో, గోదావరి తీరపు కొండరెడ్లపై 1945లో, ఆదిలాబాద్ రాజగోండులపై 1948లో ఆయన గ్రంథాలు వచ్చాయి. భార్య బెట్టీ ఎలిజబెత్ ఆయన క్షేత్రపరిశోధన అంతటా వెంట ఉన్నారు.

గోండు గ్రామం మర్లవాయిలో నివాసముండి ఆయన తేల్చిన విషయం సరళమైనది. గోండుకు పొలం ఉంది, పట్టా లేదు. పట్టా సంపాదించే తెలివి, పలుకుబడి ఉన్న వలసదారు అదే పొలానికి యజమాని అయ్యాడు. రిజర్వు అడవి సరిహద్దు గీత గీసినప్పుడు దాని లోపల పడిన గూడెం అక్రమమైంది. ఈ నిర్ధారణ నివేదికగా మిగిలిపోలేదు. 1943లో మర్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ ఆరంభమైంది. గోండీ భాషలో దేవనాగరి లిపితో పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. హైమండార్ఫ్ గిరిజన వ్యవహారాల సలహాదారు పదవి చేపట్టిన కాలంలో లక్ష ఎకరాలకు పైగా భూమికి ఆదివాసుల పేరిట పట్టాలు వచ్చాయి.

కథ అంతటితో సుఖాంతం కాలేదు. 1970వ దశకం చివర తిరిగి వచ్చిన హైమండార్ఫ్, ఆ భూముల్లో చాలా భాగం మళ్ళీ చేతులు మారడం చూశారు. గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించిన 1959 నాటి నిబంధన, దానిని కఠినతరం చేసిన 1970 నాటి సవరణ (ప్రజలు ‘1/70’ అని పిలుచుకునేది) కాగితంపై ఉండగానే ఇది జరిగింది. 1982లో వెలువడిన ఆయన గ్రంథం ఈ నష్టాన్ని నమోదు చేసింది. పరిశోధన చట్టాన్ని తీసుకురాగలదు. దానిని అమలు చేయించే శక్తి పరిశోధనకు లేదని మర్లవాయి అనుభవం నేర్పింది. 1987లో మరణించిన బెట్టీ ఎలిజబెత్ స్మారకం, 1995లో మరణించిన హైమండార్ఫ్ స్మారకం ఆ ఊరిలోనే ఉన్నాయి.

శామీర్‌పేట, రాంపుర

స్వాతంత్ర్యానంతరం మొదటి దశకం గ్రామాధ్యయనాలకు స్వర్ణయుగం. 1951 నుంచి బొంబాయిలోని ఎకనామిక్ వీక్లీ పత్రికలో గ్రామాలపై వ్యాసాలు వరుసగా వచ్చాయి. 1955లో ఆ వ్యాసాల సంపుటి, మెక్కిమ్ మారియట్ సంపాదకత్వంలో మరో సంపుటి, ఎస్.సి. దూబే గ్రంథం, మూడూ ఒకే ఏడాది వెలువడ్డాయి. 1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజ వికాస పథకానికి గ్రామం గురించిన సమాచారం కావలసి ఉంది. విద్వాంసుల ఆసక్తి, ప్రభుత్వ అవసరం ఒకచోట కలిశాయి.

శ్యామచరణ్ దూబే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా ఉన్న రోజుల్లో 1951-52లో హైదరాబాద్ సమీపంలోని శామీర్‌పేటను ఎంచుకున్నారు. ఆయన ఒంటరిగా వెళ్ళలేదు. వ్యవసాయం, వైద్యం, పశువైద్యం వంటి వేర్వేరు విభాగాల వారు సమాజసేవా కార్యక్రమంలో భాగంగా ఆ ఊరిలో పనిచేశారు. ఊరికి ఏదో ఒక మేలు చేస్తూ ఊరిని గురించి తెలుసుకోవడం అన్నది ఆనాటికి కొత్త పద్ధతి. కులాల మధ్య పనుల పంపకం, కుటుంబ జీవితం, పండుగలు, నమ్మకాలు, హిందూ ముస్లిముల సహజీవనం, మారుతున్న అభిరుచులు అన్నీ ఆ గ్రంథంలో చోటు చేసుకున్నాయి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి రైతు కుటుంబాలతో ఏడాది పొడవునా కట్టుబడి ఉండి, పంటకాలంలో ధాన్యం రూపంలో ప్రతిఫలం పొందే ఆయగాండ్ర పద్ధతి ప్రపంచ సమాజశాస్త్ర పాఠకులకు ఒక తెలుగు పల్లె ద్వారా పరిచయమైంది.

ఆ గ్రంథానికి ఉన్న పరిమితి కూడా గమనార్హం. శామీర్‌పేటలో పరిశోధన జరుగుతున్న కాలంలోనే, 1951 అక్టోబరులో, తెలంగాణ సాయుధ పోరాట విరమణ ప్రకటన వెలువడింది. 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం పల్లెల్లో కొత్త తగవులకు, కొత్త ఆశలకు తావిచ్చింది. గ్రంథం దృష్టి మాత్రం ప్రధానంగా వ్యవస్థ, ఆచారం, సామరస్యం మీద నిలిచింది. ఆనాటి మానవశాస్త్ర సంప్రదాయం సమాజాన్ని భాగాలు కుదురుగా అమరిన యంత్రంగా చూసేది. వెట్టి, కౌలు, బేదఖలు అన్న మాటలు ఆ యంత్రంలో సులభంగా ఇమడలేదు.

మైసూరు ప్రాంతంలో ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో ‘రాంపుర’ అని తాను మారుపేరు పెట్టిన గ్రామంలో నివసించి పరిశోధన చేశారు. కూర్గుల మతాచారాలపై 1952లో వెలువరించిన గ్రంథంతో ‘సంస్కృతీకరణం’ అన్న భావనను ప్రచారంలోకి తెచ్చిన ఆయనే, రాంపుర అనుభవం ఆధారంగా 1959లో ‘ఆధిపత్య కులం’ అన్న భావనను వివరించారు. సంఖ్యాబలం, భూమి, రాజకీయ పలుకుబడి కలిసిన కులం, ఆచార శ్రేణిలో అగ్రస్థానం లేకున్నా, ఊరిని నడిపిస్తుందన్నది ఆయన ప్రతిపాదన. ‘ఓటు బ్యాంకు’ అన్న మాటను వ్యాప్తిలోకి తెచ్చినవారు కూడా ఆయనే. 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డులో జరిగిన గృహదహనంలో ఆయన సిద్ధం చేసుకున్న క్షేత్రపరిశోధన పత్రాల మూడు ప్రతులూ కాలిపోయాయి. జ్ఞాపకాన్నే ఆధారం చేసుకుని ఆయన రాసిన పుస్తకం 1976లో వెలువడింది. ఊరిని తాను ఎక్కువగా భూమి గల అగ్రవర్ణాల వారి పక్షాన నిలబడి చూశానని ఆ గ్రంథంలో ఆయనే అంగీకరించారు. శాస్త్రజ్ఞుడు తన కులాన్ని, తాను దిగిన ఇంటిని కూడా సాక్ష్యంలో భాగంగా లెక్కించవలసి ఉంటుందని ఈ అంగీకారం సూచించింది.

ఇదే కాలానికి చెందిన స్కార్లెట్ ఎప్‌స్టైన్ పరిశోధన ప్రణాళికాకర్తలకు ఒక అనుకోని పాఠం చెప్పింది. మైసూరు రాష్ట్రంలో మండ్య సమీపంలోని రెండు గ్రామాలను ఆమె 1954-56లో పరిశీలించారు. వాంగలాకు కాలువ నీరు వచ్చింది, దాలెనా మెట్టగానే మిగిలింది. నీరు వచ్చిన ఊరే ఎక్కువగా మారుతుందని ఎవరైనా ఊహిస్తారు. వాంగలా చెరకు పండించి సంపన్నమైంది గాని రైతు, కూలి మధ్య వంశపారంపర్య సంబంధాలు అలాగే కొనసాగాయి. నీరు లేని దాలెనా వాసులు మండ్యకు ఉద్యోగాలకు వెళ్ళారు, చుట్టుపక్కల ఊళ్ళలో వ్యాపారాలు చేశారు. పాత సంబంధాలు అక్కడే సడలాయి. ఆర్థికాభివృద్ధి, సామాజిక మార్పు ఒకే బండికి కట్టిన ఎడ్లు కావని 1962లో వచ్చిన ఆ గ్రంథం నిరూపించింది.

అంకెల బలం

ఒక ఊరిలో ఏడాది పాటు ఉండి రాసిన గ్రంథం లోతైనది. దేశానికంతకూ అది వర్తిస్తుందా అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు. ఆ జవాబు కోసం ఆచార్య మహలనోబిస్ మార్గదర్శకత్వంలో 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. 1951-52లో రిజర్వు బ్యాంకు ప్రేరణతో అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే 75 జిల్లాల్లోని 600 గ్రామాల్లో జరిగింది. 1954లో వెలువడిన నివేదిక ప్రకారం రైతు తెచ్చుకునే అప్పులో సహకార సంఘాల వాటా 3.1 శాతం, ప్రభుత్వం వాటా 3.3 శాతం, వాణిజ్య బ్యాంకుల వాటా ఒక శాతం కూడా లేదు. మిగిలిన అప్పంతా వడ్డీవ్యాపారి, షావుకారు, భూస్వామి, బంధువుల వంటి ప్రైవేటు వర్గాల నుంచి వచ్చినదే.

అర్ధశతాబ్దం పాటు సాగిన సహకారోద్యమం ఎంతవరకు వచ్చిందో ఆ ఒక్క అంకె తేల్చిచెప్పింది. 1955లో ఇంపీరియల్ బ్యాంకు స్థానంలో భారతీయ స్టేట్ బ్యాంకు ఏర్పడి గ్రామీణ శాఖల విస్తరణకు పూనుకోవడం ఆ నివేదిక సిఫారసు ఫలితమే. 1971లో పుణేలోని గోఖలే సంస్థకు చెందిన వి.ఎం. దండేకర్, నీలకంఠ రథ్ 1960-61 నాటి వినియోగ లెక్కలను పరిశీలించి, గ్రామీణుల్లో దాదాపు 40 శాతం, పట్టణవాసుల్లో దాదాపు 50 శాతం మందికి కనీసపు తిండి అందడం లేదని చూపారు. ఆ తరువాత పేదరికపు గీత ఎక్కడ గీయాలన్నది జాతీయ వివాదాంశమైంది. నేటికీ ఆ వివాదం ముగియలేదు.

సామాజిక శాస్త్రాలకు స్థిరమైన ఆలంబనగా 1969లో భారతీయ సామాజిక శాస్త్ర పరిశోధన మండలి ఏర్పడింది. డి.ఆర్. గాడ్గిల్ తొలి అధ్యక్షులు, జె.పి. నాయక్ తొలి సభ్య కార్యదర్శి. మండలి తోడ్పాటుతో జరిగిన పరిశోధనలను ఉపయోగించుకుంటూ స్త్రీల స్థితిగతులపై నియమితమైన సంఘం 1974లో నివేదిక పూర్తిచేసింది. ప్రతి వెయ్యిమంది పురుషులకు స్త్రీల సంఖ్య 1901లో 972 ఉండగా 1971 నాటికి 930కి తగ్గిందని ఆ నివేదిక ఎత్తిచూపింది. ఆ అంకెలు జనాభా లెక్కల్లో అప్పటికే ఉన్నాయి. వాటిని ఒక వరుసలో పెట్టి అర్థం అడిగినవారు లేకపోయారు. స్వాతంత్ర్యానంతర ప్రగతిలో స్త్రీలూ సమానంగా ముందుకు సాగారన్న నమ్మకానికి ఆ నివేదికతో తెరపడింది.

హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ 1975లో మెట్టప్రాంత గ్రామాల అధ్యయనం ఆరంభించింది. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లె, డోకూరు గ్రామాలు వాటిలో ఉన్నాయి. ప్రతి ఊరిలో భూమిలేని కూలీలు, చిన్న, మధ్యతరగతి, పెద్ద రైతుల నుంచి పదేసి కుటుంబాలను ఎంపికచేసి, ఏళ్ళ తరబడి వారి పంట, కూలి, అప్పు, ఖర్చు వివరాలు నమోదు చేశారు. జొన్న, ఆముదం పండించే ఔరేపల్లె ఈ విధంగా ప్రపంచ అర్థశాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. 1994లో అమెరికన్ ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్ ఈ లెక్కల ఆధారంగా, ఒక కుటుంబపు ఆదాయం పడిపోయినప్పుడు దాని వినియోగం అంతగా పడిపోవడం లేదని, ఊరి సగటుతో పాటు నడుస్తున్నదని చూపారు. చేబదులు, బంధుత్వం, అప్పు, దాచుకున్న గింజలు బీమా పని చేస్తున్నాయన్నమాట. భూమిలేని వారికి ఆ రక్షణ తక్కువగా ఉందన్నది అందులోని చేదు నిజం.

మాటల్లో దాగిన సమాజం

అంకెలకు అందనిది మాటకు అందుతుంది. ఈ విషయంలో తెలుగు మానవీయ శాస్త్రాల కృషి ప్రత్యేకంగా పేర్కొనదగినది. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను పక్కకుపెట్టి, ప్రజల తిండి, బట్ట, ఆట, పాట, నమ్మకం, వృత్తి వివరాలను కావ్యాల నుంచి ఏరి కూర్చింది. పాల్కురికి సోమనాథుని కృతులు, ‘క్రీడాభిరామము’ వంటివి ఆయన చేతిలో సమాజ చరిత్రకు దస్తావేజులయ్యాయి. తెలుగులో సాహిత్య అకాడమీ తొలి బహుమతి 1955లో ఆ గ్రంథానికే లభించింది. బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై ఉస్మానియాలో చేసిన పరిశోధన, పల్లెపాటను విశ్వవిద్యాలయ విద్య గౌరవించే రోజు వచ్చిందని చాటింది.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. పరిశోధకులు గ్రామాలకు వెళ్ళి రైతుల నోటినుంచి మాటలు సేకరించారు. కాడి, మేడి, నొగ, కర్రు వంటి పనిముట్ల భాగాలు, దుక్కి, విత్తు, కలుపు, కోత, నూర్పిడి పనులు ఏ ప్రాంతంలో ఏ పేరుతో ఉన్నాయో ఆ కోశం నమోదు చేసింది. ఒకచోట నాగలి, మరొకచోట మడక అవుతుంది. ఈ పదాల వ్యాప్తి ఆధారంగానే తెలుగుదేశాన్ని నాలుగు మాండలిక మండలాలుగా గుర్తించడం సాధ్యమైంది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. ట్రాక్టరు వచ్చిన పొలంలో మేడి పేరు అక్కరలేదు. ఆ పేర్లు తెలిసిన తరం వెళ్ళిపోకముందే వాటిని రాసిపెట్టడం ఆ పరిశోధన చేసిన మహోపకారం.

నోరు విప్పిన సాక్షులు

1980వ దశకంలో పరిశోధనలో ఒక మలుపు వచ్చింది. అంతవరకు సమాధానాలు చెప్పినవారు కథనం చెప్పడం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటలను వారి మాటల్లోనే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రకటించారు. మూడేళ్ళ తరువాత అది ఆంగ్లంలో వచ్చింది. తుపాకీ పట్టినవారు, అడవిలో బిడ్డలను పోగొట్టుకున్నవారు, పోరాటం ముగిశాక ఇంటికి తిరిగి వెళ్ళలేకపోయినవారు ఆ గ్రంథంలో మాట్లాడారు. ఉద్యమ చరిత్రల్లోనూ, గ్రామాధ్యయనాల్లోనూ లేని తెలంగాణ పల్లె అందులో కనిపించింది. ముందు తెలుగులో వచ్చి ఆ తరువాత ఆంగ్లంలోకి వెళ్ళడం కూడా దాని విశేషమే.

కారంచేడు (1985), చుండూరు (1991) సంఘటనల తరువాత దళిత రచయితలు, పరిశోధకులు గ్రామాన్ని వాడ వైపు నుంచి చూడడం మొదలుపెట్టారు. ఆధిపత్య కులం అన్న భావన పుస్తకంలో ఎంత నిదానంగా కనిపించినా, దాని కింద నలిగేవారికి అది ఎలా అనుభవమవుతుందో వారు చెప్పారు. 1948లో అంబేడ్కర్ అన్న మాట నలభై ఏళ్ళ తరువాత పరిశోధనా ప్రశ్నగా రూపుదాల్చింది.

ఊరికి చేరవలసిన బాకీ

ఈ శతాబ్ది కృషిని సమీక్షిస్తే ఒక లోటు స్పష్టంగా కనబడుతుంది. తెలుగు పల్లెలపై జరిగిన సామాజిక శాస్త్ర పరిశోధనలో చాలా భాగం ఆంగ్లంలో ఉంది. ఊరివారు తెలుగులో చెప్పారు, పరిశోధకుడు ఆంగ్లంలో రాశాడు, అధికారి ఆంగ్లంలో చదివాడు. ఊరికి తిరిగి వచ్చినది పథకం మాత్రమే. ఆ పథకానికి ఆధారమైన జ్ఞానం రాలేదు. ఔరేపల్లె రైతు తన ఇంటి జమాఖర్చులు ఏళ్ళ తరబడి చెప్పాడు. ఆ లెక్కల నుంచి తేలిన సత్యం అతని మనుమడికి తన భాషలో దొరకాలని ఆశించడం న్యాయమే. 1961 జనాభా లెక్కల సందర్భంగా ఆంధ్రప్రదేశ్‌తో సహా అన్ని రాష్ట్రాల్లో తయారైన గ్రామ సర్వే నివేదికలు ఆయా ఊళ్ళ పాఠశాలల్లో స్థానిక చరిత్ర పాఠాలుగా ఉపయోగపడదగినవి.

మరొక విషయం కాలానికి సంబంధించినది. శామీర్‌పేట ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో, విస్తరిస్తున్న మహానగరపు అంచున ఉంది. ఆ మండలంలో న్యాయ విశ్వవిద్యాలయం, జీవసాంకేతిక పరిశ్రమలు వెలిశాయి. దూబే వర్ణించిన ఆయగాండ్ర వరుస పుస్తకంలో మిగిలింది. ఔరేపల్లెలో ఆముదపు చేలు పత్తికి చోటిచ్చాయి, యువకులు హైదరాబాద్ దారి పట్టారు. 70 ఏళ్ళ కిందట ఊరిని రాసిపెట్టినవారు లేకపోతే ఈ మార్పును కొలవడానికి కొలబద్ద ఉండేది కాదు. ఇరువేల్పట్టుకు లభించిన భాగ్యం శామీర్‌పేటకూ లభించాలి. అదే ఊరికి మళ్ళీ వెళ్ళి, ఈసారి తెలుగులో రాసి, ఆ ప్రతిని ఊరి గ్రంథాలయంలో ఉంచే పరిశోధకుని కోసం శామీర్‌పేట ఎదురుచూస్తోంది. కైఫీయతులు రాసిన కావలి సోదరుల నాడు ఊరి చరిత్ర ఊరి భాషలో ఉండేది. రెండు శతాబ్దాల శాస్త్రవిజ్ఞానం తోడైన తరువాత కూడా ఆ మాత్రపు న్యాయం ఊరికి దక్కకపోవడానికి కారణం కనిపించదు.